మన్ననూర్ గేటు దగ్గర మూడు జిల్లాల మాట

రాత్రి ఎనిమిది దాటాక హాజీపూర్ చౌరస్తాలో కారు ఆపితే టీకొట్టు మనిషి ముందు అడిగేది చాయ్ గురించి కాదు. "శ్రీశైలమేనా సార్? అట్లయితే ఎమ్మటే పోండ్రి. మన్ననూర్ల గేటు పడ్తది" అంటాడు. ఆ మాట విన్నాక నిలబడి చాయ్ తాగేవాళ్లు తక్కువ. పిల్లలను మళ్లీ బండెక్కించి, తలుపులు దభాలున వేసుకుని బయల్దేరతారు. వేళకు అందుకున్నవాళ్లు అడవిలోకి వెళ్లిపోతారు. అందుకోలేనివాళ్లు మన్ననూర్‌లో బండి పక్కకు పెట్టి తెల్లవారేదాకా పడిగాపులు పడతారు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765 నంబరు జాతీయ రహదారి మీద ఇది రోజూ ఉండేదే. మన్ననూర్ నుంచి దోమలపెంట వరకు దాదాపు 60 కిలోమీటర్లు ఈ రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడిమధ్యన సాగుతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఇటు మన్ననూర్‌లో, అటు దోమలపెంటలో అటవీశాఖ గేట్లు దించేస్తుంది. అంబులెన్సుల వంటి అత్యవసర వాహనాలకు తప్ప మరెవరికీ దారి ఉండదు. మహాశివరాత్రి రోజుల్లో మాత్రం సడలింపు ఇస్తుంటారు.

ఈ గేటును రాత్రిపూట కూడా తెరవాలా, ఇలాగే మూసి ఉంచాలా అన్న వాదన నాగర్‌కర్నూల్ జిల్లాలో పాతదే. అడవికి పైన ఎలివేటెడ్ కారిడార్ కట్టి ఇరవై నాలుగు గంటలూ బండ్లు నడపాలన్న ప్రతిపాదన వచ్చాక అది పక్క జిల్లాలకూ పాకింది. వనపర్తి బస్టాండులో, గద్వాల కృష్ణారెడ్డి బంగ్లా చౌరస్తాలో శ్రీశైలం ప్రయాణం మాట వస్తే చాలు, గేటు సంగతీ వస్తుంది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లి ఈ నాగర్‌కర్నూల్ జిల్లాదే కావడంతో ఈసారి పని అవుతుందన్న నమ్మకం కూడా చాలామందిలో ఉంది.

శ్రీశైలంతో ఈ నేలకున్న బంధం రోడ్లకన్నా చాలా పాతది. మల్లికార్జునుడి క్షేత్రానికి నాలుగు ద్వారాలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. నాలుగింటిలో రెండు ఈ జిల్లాల్లోనే ఉన్నాయి. అలంపురం జోగులాంబ గద్వాల జిల్లాలో, ఉమామహేశ్వరం అచ్చంపేట పక్కన రంగాపూర్ గుట్టల మీద. అందుకే ఇక్కడి జనానికి శ్రీశైలం వెళ్లడం విహారయాత్ర కాదు. కొత్తగా పెళ్లయితే వెళ్తారు, మొక్కు తీరితే వెళ్తారు, శివదీక్ష పడితే ఇరుముడి నెత్తిన పెట్టుకుని మన్ననూర్ మీదుగా కాలినడకన వెళ్తారు. ఆ దారికి గేటు అడ్డం ఉందంటే గుండెకు తగిలే మాటే. గేటు తీయమనేవాళ్లను అడవి విలువ తెలియనివాళ్లుగా కొట్టిపారేయడం ఈ కారణంగానే నాకు నచ్చదు.

పొద్దున ఐదున్నరకు మన్ననూర్ చెక్‌పోస్టు చూడాలి. చీకటి ఇంకా పూర్తిగా విడిపోదు. రోడ్డుకు ఎడమ వారగా కార్లు, టెంపోలు, లోపల పడుకున్న ముసలివాళ్లతో ట్రావెల్స్ బస్సులు బారులు తీరి ఉంటాయి. డ్రైవర్లు వేపపుల్లలు నములుతూ గేటు దాకా వెళ్లి చూసి వస్తుంటారు. దుప్పట్లు కప్పుకున్న ఆడవాళ్లు మరుగు వెతుక్కుంటూ రోడ్డు దిగుతారు. అంతమంది ఆగే చోట సరైన మరుగుదొడ్లు చాలినన్ని లేకపోవడం గేటు కన్నా పెద్ద అన్యాయం. రాత్రి ఆలస్యంగా వచ్చినవాడికీ గేటు దగ్గరి మనిషికీ మధ్య నడిచే మాటలు ఎప్పుడూ ఒకే తీరున ఉంటాయి.

"అన్నా, తొమ్మిది గొట్టి రెండు నిమిషాలే అయింది. ఇడిశిపెట్టరాదే."

"నాది గాదన్నా గేటు. పొద్దుగాల ఆరింటికే ఇగ."

"పిల్లలున్నరే లోపల."

"అందుకే అంటున్న. పిల్లల్తోని రాత్రి ఈ ఘాట్ల యాడ పోతవ్? ఈడ్నే పండుకోండ్రి."

ఆరు కొట్టగానే గేటు లేస్తుంది. అప్పటిదాకా ఆగిన బండ్లన్నీ ఒక్క ఉదుటున అడవిలోకి దూసుకుపోతాయి. రాత్రంతా ఖాళీగా ఉన్న రోడ్డు పక్కనే ఆ వేళ దుప్పులు మేస్తుంటాయి, అడవిపందులు పిల్లలతో దాటుతుంటాయి. వాటికి అన్నిటికన్నా అపాయం ఈ మొదటి గంటలోనే అనిపిస్తుంది నాకు. గేటు మూయడం గురించి ఇంత వాదన జరుగుతోంది కానీ, గేటు తీసే తీరు గురించి ఎవరూ మాట్లాడరు.

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లందరికీ తెలుసు. కింద టోల్‌గేటు దగ్గర సమయం వేసిన చీటీ ఇస్తారు. నిర్ణీత సమయం కన్నా ముందే పైకి చేరితే వేగంగా నడిపినట్టు లెక్క, జరిమానా కట్టాలి. మన్ననూర్‌లో చీటీ ఇచ్చి దోమలపెంటలో చూడటానికి వేల కోట్లు అక్కర్లేదు. ఇప్పటికే బండి ఆపి పర్యావరణ రుసుము తీసుకుంటున్నారు, ప్లాస్టిక్ సీసాలు వెతుకుతున్నారు. ఆ ఆగిన నిమిషంలోనే వేగం మీద కూడా కన్నేయవచ్చు.

గేటు తీయమనేవాళ్ల మాట

అచ్చంపేట వ్యాపారుల లెక్క సూటిగా ఉంటుంది. రాత్రి బండ్లు నడిస్తే హోటళ్లు నడుస్తాయి, పెట్రోలు బంకులు నడుస్తాయి, పంక్చరు షాపు వాడికి కూడా నాలుగు రూపాయలు వస్తాయి. ఇప్పుడు సాయంత్రం ఆరు తర్వాత హైదరాబాద్‌లో బయల్దేరినవాళ్లు ఈ దారికే రారు. దోర్నాల, మార్కాపురం, గిద్దలూరు పోయేవాళ్లు వేరే రోడ్లు పట్టుకుంటారు.

దోమలపెంట, ఈగలపెంట వాళ్ల బాధ ఇంకొక రకం. శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రం ఉద్యోగులు, చిన్నచిన్న దుకాణాలవాళ్లు, చేపలు పట్టేవాళ్లు అక్కడ బతుకుతున్నారు. వాళ్లకు పెద్దాసుపత్రి, కాలేజీ, కలెక్టరేటు అన్నీ గేటుకు ఇవతలే. అమ్రాబాద్ మండల కేంద్రానికి పోయినా సాయంత్రం గడియారం చూసుకుంటూ తిరిగి రావాలి. పొరుగూళ్లో పెళ్లికి వెళ్లి భోజనం పూర్తి కాకుండానే లేచి రావాల్సిన పరిస్థితి. 2020 ఆగస్టు 20 రాత్రి ఆ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. అలాంటి రాత్రి అడవిలో అరవై కిలోమీటర్ల దారి ఎంత పొడవో ఈగలపెంట కాలనీకి వేరే చెప్పక్కర్లేదు.

వనపర్తి వాళ్లు గోపాల్‌పేట, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా ఈ గేటు దగ్గరికే వస్తారు. గద్వాల వాళ్ల దారి వేరు. ఎర్రవల్లి చౌరస్తాలో పెద్ద రోడ్డెక్కి కర్నూలు, నందికొట్కూరు, నంద్యాల జిల్లా ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం చేరతారు. ఉగాదికి రాయచూరు వైపు నుంచి గద్వాల మీదుగా వచ్చే కన్నడ భక్తులు కూడా ఎక్కువగా అటే. ఆ దారిలోనూ ఆత్మకూరు, దోర్నాల మధ్య, దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా గేట్లు పడతాయి. అటు అడవి ఆంధ్రప్రదేశ్‌లోని నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం.

వాదనలో చాలామంది మరిచిపోయే సంగతి ఇదే. మన్ననూర్, దోమలపెంట గేట్లు రెండూ రేపు ఎత్తేసినా రాత్రి బండి శ్రీశైలం దాకానే పోతుంది. అక్కడి నుంచి దోర్నాల దిగాలంటే మళ్లీ తెల్లవారాలి. మార్కాపురం పోయే లారీకి దానివల్ల ఒక్క గంట కూడా కలిసిరాదు. రెండు రాష్ట్రాల అటవీశాఖలు కలిసి రెండు వైపులా తెరిస్తే తప్ప అచ్చంపేటలో ఊహించుకుంటున్న రాత్రి రద్దీ రాదు. రెండు వైపులా తెరిస్తే కృష్ణకు అటూ ఇటూ ఉన్న నల్లమల మొత్తానికి రాత్రి అన్నది లేకుండా పోతుంది.

అడవి తరఫున

1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం రాష్ట్ర విభజనతో రెండయింది. తెలంగాణ వాటాకు వచ్చినది అమ్రాబాద్. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ఏరియా. 2022 జాతీయ గణనలో తెలంగాణకు లెక్కతేలిన పులులు 21. వాటిలో ఎక్కువ ఈ అడవివే.

పులి రోడ్డు మీద చచ్చిందంటే పేపర్లో మొదటి పేజీ వార్త అవుతుంది. అడవిలో రోడ్లు రోజూ బలి తీసుకునే ప్రాణాలు మాత్రం పేపర్లోకి రావు. ముళ్లపంది, పునుగుపిల్లి, అలుగు, కుందేలు, కొండచిలువ. పగటి ఎండకు కాగిన తారు రాత్రి చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనానికి పాములు వచ్చి రోడ్డు మీద పడుకుంటాయి. హెడ్‌లైటు కళ్లలో పడగానే దుప్పి పారిపోదు, ఉన్నచోటే కొయ్యబారి నిలబడిపోతుంది. ఇప్పపూలు రాలే కాలంలో ఎలుగుబంట్లు పొద్దుగూకగానే రోడ్డు దాటుతాయి. కణుజు ఎదురుగా వచ్చి గుద్దుకుంటే చచ్చేది అది ఒక్కటే కాదు, ముందు సీట్లో మనిషి కూడా. రాత్రి గేటు అడవినీ కాస్తోంది, మనల్నీ కాస్తోంది.

పగటి మాట కూడా చెప్పాలి. వటవర్లపల్లి దాటాక మలుపుల దగ్గర కోతులు గుంపులుగా కూర్చుని ఉంటాయి. ఎవరో ఒకరు కారు ఆపి అరటిపండ్లు, పులిహోర విసురుతారు. తల్లికోతి పిల్లను కడుపుకు కరిపించుకుని రోడ్డు మధ్యకు పరుగెత్తుతుంది, వెనకే వస్తున్న బండి కొట్టేస్తుంది. ఆహారం పెట్టొద్దని అటవీశాఖ బోర్డులు పెట్టింది. ఆ బోర్డు కిందే పండ్లు పెడతారు. పుణ్యానికి పోతూ చేసే ఈ పని ఆగాలంటే గేటు కాదు, మనుషులు కావాలి. అంటే ఈ అడవిలోనే తరతరాలుగా బతుకుతున్న చెంచు యువకులను వాచర్లుగా, గస్తీ సిబ్బందిగా పెట్టుకుని నెలనెలా జీతం ఇవ్వాలి.

వాళ్ల సంగతికే వస్తున్నాను. ఈ అడవి ఎవరిదో వాళ్లను అడగకుండా గేటు గురించి మనం ఎంత మాట్లాడుకున్నా పైపై మాటే.

పెంటల నుంచి చూస్తే

ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో ఈ అమ్రాబాద్ పీఠభూమి మీదే చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని రాసుకున్నారు. ఆ పుస్తకం 1943లో అచ్చయింది. ఆయన చూసిన పెంటలు, అంటే అడవిలోని చెంచు గూడేలు, చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. అప్పాపూర్, రాంపూర్, భౌరాపూర్, మల్లాపూర్, సంగిడిగుండాల, పుల్లాయిపల్లి. వీటిలో ఎక్కువ పెంటలకు హైవే అంటే ఫరహాబాద్ దగ్గర బయటకు వచ్చాక కనబడే రోడ్డు. అక్కడిదాకా రావడమే వాళ్ల ప్రయాణం. మట్టి దారి, రాళ్లు, వానొస్తే వాగు.

అప్పాపూర్‌లో నొప్పులు పడుతున్న ఆడమనిషికి మన్ననూర్ గేటు రాత్రి తెరిచి ఉందా మూసి ఉందా అన్నది అసలు సమస్యే కాదు. గేటు దగ్గరికి చేర్చే బండి ఉందా అన్నదే సమస్య. అంబులెన్సుకు గేటు ఎప్పుడైనా లేస్తుంది. ఆ అంబులెన్సుకు ఫోన్ చేయడానికి పెంటలో సిగ్నల్ ఉండాలి, ఫోన్ అందాక పెంట దాకా చక్రాలు పోగల దారి ఉండాలి. 2022 మార్చిలో అప్పటి గవర్నర్ తమిళిసై అప్పాపూర్ వచ్చినప్పుడు పెంటలకు బైక్ అంబులెన్సులు ఇచ్చారు. పెద్ద బండి రాలేని చోట రెండు చక్రాల బండి వస్తుందన్న ఆలోచన మంచిది. అలాంటివి పెంటకొకటి ఉండి, నడిపేవాడికి జీతం, పెట్రోలుకు డబ్బు క్రమంగా అందితే నల్లమలలో ప్రాణాలు నిలబడతాయి. ఎలివేటెడ్ కారిడార్ ఖర్చులో నూరోవంతు పెట్టినా ఈ పని అవుతుంది.

చెంచులకు అడవి మీద ఒత్తిడి కొత్త కాదు. 2019లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు అమ్రాబాద్, పదర మండలాల్లో ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ పోరాటంలో హైదరాబాద్ వాళ్లు కూడా 'సేవ్ నల్లమల' అంటూ గొంతు కలిపారు. అప్పుడు అడవిని కాపాడమన్నవాళ్లే ఇప్పుడు వారాంతంలో గేటు దగ్గర ఆగాల్సి వస్తే విసుక్కుంటే సరికాదు. అడవి ఉండాలంటే మనకూ కొంత ఆలస్యం ఉంటుంది.

మరోవైపు పులుల కోసం ఊళ్లను తరలించే పని కూడా సాగుతోంది. కోర్ ఏరియాలోని సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్లవాళ్లు స్వచ్ఛందంగా బయటకు వస్తే కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదంటే భూమి, ఇల్లు ఇస్తామన్నది పథకం. బాచారంలో స్థలం చూశారు. హైవే మీదే ఉన్న వటవర్లపల్లి కూడా ఈ జాబితాలో ఉంది. వెళ్దామనేవాళ్లు ఉన్నారు, కదలం అనేవాళ్లు ఉన్నారు. తరతరాలుగా అడవి తేనె, జిగురు, చింతపండు మీద బతికినవాళ్లకు బాచారం పొలాల్లో ఏం పని దొరుకుతుందన్నది చిన్న ప్రశ్న కాదు.

రోడ్డు తెగిన రోజులు

రాత్రి గేటు గురించి ఇంత పట్టుదల ఉన్నవాళ్లం పగటి రోడ్డు గురించి అంత పట్టించుకోలేదని ఈమధ్య రెండు సంఘటనలు చూపించాయి.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలింది. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. పైన పులుల అడవి కావడంతో మధ్యలో ఎక్కడా దారులు తీయకుండా రెండు కొసల నుంచే తొలుస్తూ వచ్చారు. దోమలపెంట వైపు నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వాళ్లంతా పొట్టకూటికి ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు. వారాల తరబడి వెతికినా ఇద్దరి మృతదేహాలనే బయటకు తీయగలిగారు. ఆ ఫిబ్రవరి 26నే మహాశివరాత్రి. సహాయక దళాలకూ, యంత్రాలు మోసుకొచ్చే లారీలకూ, మంత్రుల కాన్వాయ్‌లకూ, లక్షలాది భక్తులకూ ఆ వారం ఉన్నది రెండు వరసల ఈ ఒక్క రోడ్డే.

అదే ఏడాది అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలకు డిండి ప్రాజెక్టు పొంగి ఉప్పునుంతల మండలం లత్తీపూర్ దగ్గర ఇదే హైవే కోసుకుపోయింది. హైదరాబాద్, శ్రీశైలం మధ్య రాకపోకలు ఆగిపోయాయి. అడవి మొదలు కావడానికి చాలా ముందే, మైదానంలో, పులి లేని చోట, పట్టపగలు రోడ్డు మూతపడింది. ఆ రోజులు గేటు వల్ల పోయిన రాత్రుల కన్నా జనాన్ని ఎక్కువ కష్టపెట్టాయి. గద్వాల వాళ్లకు ఇలాంటిది బాగా అనుభవమే. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ ఒకేసారి విరుచుకుపడి కర్నూలు, అలంపురం మునిగినప్పుడు బెంగళూరు హైవే తెగి ఆ రెండు నదుల మధ్య ఉన్న నడిగడ్డ ఇటూ అటూ కాకుండా మిగిలిపోయింది.

ఆకాశంలో రోడ్డు

ఇక ఎలివేటెడ్ కారిడార్. మన్ననూర్ నుంచి శ్రీశైలం వైపు అరవై కిలోమీటర్ల పైచిలుకు, చాలాభాగం స్తంభాల మీద, ఖర్చు ఏడు వేల కోట్ల రూపాయలు దాటుతుందని అంచనా. కింద జంతువులు, పైన బండ్లు, ఎవరి దారి వాళ్లది అన్నది ఆలోచన. కేంద్రం, రాష్ట్రం కలిసి భరించాలన్న మాట నడుస్తోంది. పులుల అభయారణ్యంలో పని కాబట్టి జాతీయ వన్యప్రాణి మండలి, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఒప్పుకోవాలి.

ఈ ఆలోచనకు దేశంలో ఒక ఉదాహరణ ఉంది. నాగ్‌పూర్, సివనీ మధ్య పెంచ్ అడవిలో 44వ నంబరు జాతీయ రహదారి కింద జంతువుల కోసం తొమ్మిది దారులు కట్టారు. అన్నిటికన్నా పెద్దది 750 మీటర్లు. అక్కడ పెట్టిన కెమెరాల్లో పులులు కూడా వాటి కిందుగా నడుస్తూ పడ్డాయి. అంటే జంతువులు అలవాటు పడతాయి. అయితే పెంచ్‌లో ఎత్తింది జంతువులు దాటే చోట్లు చూసి కొన్ని ముక్కలు మాత్రమే. నల్లమలలో మొత్తం దారినే ఎత్తాలంటున్నారు. కొండ వాలుల్లో అన్ని వందల స్తంభాలకు గుంతలు తవ్వాలంటే ఏళ్ల తరబడి పేలుళ్లు, కంకర లారీలు, కూలీల గుడారాలు, రాత్రింబవళ్లు లైట్లు. ఆ ఏళ్లలో అడవి ఏమవుతుందో ముందు తేల్చాలి.

కర్ణాటక బందీపూర్ కథ కూడా మనకు దగ్గరిదే. మైసూరు, వయనాడ్ మధ్య రోడ్డుకు 2009 నుంచి రాత్రి తొమ్మిది నుంచి ఆరు వరకు నిషేధం ఉంది. కర్ణాటక హైకోర్టు సమర్థించింది. 2019లో వయనాడ్‌లో సుల్తాన్ బత్తేరి జనం నిరాహార దీక్షలు చేశారు. వాళ్ల బాధ నిజమే, అడవి బాధా నిజమే. అక్కడ రాత్రిపూట రెండు రాష్ట్రాల ఆర్టీసీ బస్సులు కొన్నింటిని మాత్రం వదులుతారు. లారీలు, కార్లు ఆగుతాయి.

నేను మన్ననూర్‌కు అడిగేది ఇంచుమించు అలాంటిదే. గేటు రాత్రి మూసే ఉండాలి. కానీ అడవిలో, అడవి అంచున ఉండేవాళ్లను హైదరాబాద్ నుంచి వారాంతానికి వచ్చినవాళ్లతో సమానంగా చూడకూడదు. దోమలపెంట, ఈగలపెంట, వటవర్లపల్లి నివాసులకు ఆధార్ చూసి పాసులు ఇవ్వాలి. అచ్చంపేట నుంచి రాత్రి పది గంటలకు ఒక ఆర్టీసీ బస్సు, ముందు అటవీశాఖ జీపుతో, గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగంతో దోమలపెంట దాకా పోవాలి. తెల్లవారుజామున అటు నుంచి ఇంకొకటి రావాలి. కూలి పనికి పోయినవాళ్లు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూసి వచ్చేవాళ్లు అందులో ఎక్కుతారు. రెండు బస్సులతో అడవి చెడిపోదు.

మన్ననూర్‌లో ఆగిపోయిన భక్తులకు మంచి సత్రం, మరుగుదొడ్లు, తాగునీరు ఉంటే రాత్రి అక్కడ గడపడం శిక్షలా అనిపించదు. చెంచు మహిళలు తేనె, వెదురు సామాను అమ్ముకునే నాలుగు దుకాణాలు ఆ సత్రం ముందే పెట్టవచ్చు. ప్రతాపరుద్రుడి కోట, ఫరహాబాద్ వ్యూ పాయింట్, అక్కడి నిజాం కాలపు విడిది ఆనవాళ్లు దగ్గర్లోనే ఉన్నాయి. రాత్రి ఆగినవాడు పొద్దున వాటిని చూసి పోతాడు. అచ్చంపేట వ్యాపారులు కోరుకునే గిరాకీ బండ్లు పరుగెత్తితే రాదు, బండ్లు ఆగితే వస్తుంది. పైన స్తంభాల మీద ఎనభై వేగంతో పోయేవాడు కింద వటవర్లపల్లిలో చాయ్ తాగడు.

దూరం పోయేవాళ్లకు మరో దారి రావాల్సే ఉంది. కొల్లాపూర్ దగ్గర సోమశిల, సిద్ధేశ్వరం మధ్య కృష్ణ మీద తీగల వంతెనకు 2022 అక్టోబరులో కేంద్రం 1,082 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా నంద్యాల చేరే 167కే నంబరు జాతీయ రహదారికి అది గుండెకాయ. హైదరాబాద్ నుంచి తిరుపతికి 80 కిలోమీటర్ల దాకా తగ్గుతుందని చెప్పారు. ఆ వంతెన కోసం కొల్లాపూర్ ప్రాంతం దశాబ్దాలుగా అడుగుతోంది. శ్రీశైలం జలాశయం నిండాక ఏటికి అవతలి ఊళ్లతో చుట్టరికాలు పడవల మీదే సాగాయి. 2007 జనవరిలో సింగోటం జాతరకు వస్తున్న పడవ మంచాలకట్ట దగ్గర మునిగి 61 మంది చనిపోయారు. వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఆ పడవ గురించి మాట్లాడితే ఇప్పటికీ గొంతు జీరపోయే ఇళ్లున్నాయి. రాయలసీమ పోయే బరువు బండ్లకు సోమశిల దారి తెరిస్తే మన్ననూర్ మీద ఒత్తిడి ఎంతో కొంత తగ్గుతుంది. ముందు పూర్తి చేయాల్సింది ఆ వంతెనను. ఆ దారి కూడా సిద్ధేశ్వరం దాటాక కొంతమేర నల్లమలను తాకుతుంది కాబట్టి జంతువులు దాటే చోట్లు డిజైన్‌లోనే పెట్టాలి, కట్టాక కాదు.

శ్రీశైలం భక్తులకు మాత్రం అడవిని తప్పించుకునే దారి ఏదీ లేదు. క్షేత్రమే అడవిలో ఉంది. పూర్వం ఈ అడవిలో నడిచినవాళ్లు గుంపులు కట్టి, కాగడాలు పట్టుకుని, చీకటి పడితే తెల్లారేదాకా ఏ మఠంలోనో ఆగి పోయేవాళ్లు. సలేశ్వరం లోయకు చైత్ర పౌర్ణమికి ఇప్పటికీ ఆ కొద్ది రోజులే, పగటిపూటే దారి వదులుతారు. జనం వస్తూనే ఉన్నారు, అక్కడి శివుడు లింగమయ్యను చూసి పోతూనే ఉన్నారు. ఏ భక్తుడూ ఆ నియమం వల్ల మొక్కు మానుకోలేదు.

ఎలివేటెడ్ కారిడార్ మీద నిర్ణయం ఢిల్లీలో, హైదరాబాద్‌లో జరుగుతుంది. అంతకన్నా ముందు అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభలు కూర్చోవాలి. మన్ననూర్‌లో ఒక పెద్ద సభ పెట్టి షామియానా కింద చేతులెత్తించడం చాలదు. అప్పాపూర్‌లో, మల్లాపూర్‌లో, వటవర్లపల్లిలో వేరువేరుగా అడగాలి, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో, స్తంభాలు ఎక్కడెక్కడ దిగుతాయో పటం చూపించి. పులికి ప్రశాంతత కావాలి, ఊరు ఖాళీ చేయండి అని వటవర్లపల్లి వాళ్లతో మాట్లాడుతున్న ప్రభుత్వమే అదే ఊరి మీదుగా రాత్రంతా బండ్లు తిప్పుతానంటే, ఆ రెండూ ఎలా పొసగుతాయో ఆ సభలో అధికారులు కాగితం మీద రాసి ఇవ్వాలి.